ఐరన్, క్యాల్షియం, థైరాయిడ్ మాత్రలు ఒకే పూట మింగేస్తే ఏమవుతుంది?

పట్టికపిచ్చి
గర్భం 14వ వారం. చీటీలో నాలుగు మందులు: పరగడుపున థైరాయిడ్ మాత్ర, రోజుకొక ఐరన్, రెండు పూటలా క్యాల్షియం, ఒక ఫోలిక్ యాసిడ్. "1-0-1" అని అంకెలే తప్ప ఏది దేంతో కలవకూడదో ఎక్కడా రాయలేదు. మర్చిపోతామేమోనని పొద్దున తిన్నాక నాలుగూ ఒకేసారి మింగేస్తే నష్టమేంటి? పైగా ఐరన్ పడిన గంటకల్లా కడుపులో తిప్పుతోంది, మలబద్ధకం, మలం నల్లగా వస్తోంది. ఆ ఒక్కటీ మానేసి తిండితో సరిపెట్టుకోవచ్చా?

చీటీచదువరి
నాలుగూ కలిపి మింగితే విషమేమీ కాదు, ప్రయోజనమే తగ్గుతుంది. క్యాల్షియం పక్కనుంటే ఐరన్ సరిగా ఒంటబట్టదు. థైరాయిడ్ మాత్రకైతే ఆ రెండూ పడవు. అందులోని మందు లెవోథైరాక్సిన్ పేగులో వాటికి అంటుకుని, రక్తంలోకి వెళ్లకుండానే బయటికి పోతుంది. అందుకే దానికీ వీటికీ 4 గంటల ఎడం పెట్టమంటారు.

ఇలా సర్దుకోండి. పొద్దున 6కి థైరాయిడ్ మాత్ర, ఉత్త మంచినీళ్లతో. అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు, కాఫీ కూడా వద్దు. మధ్యాహ్నం భోజనంతో ఒక క్యాల్షియం. సాయంత్రం 5కి, కడుపు ఖాళీగా ఉన్నప్పుడు ఐరన్. రాత్రి భోజనంతో రెండో క్యాల్షియం. ఫోలిక్ యాసిడ్‌కి ఎవరితోనూ గొడవ లేదు, గుర్తున్న పూట వేసుకోవచ్చు.

అరకప్పు
సాయంత్రం 5కి ఐరన్ అంటే మరి టీ సంగతేంటండీ? ఉన్న సుఖం అదొక్కటే.

చీటీచదువరి
టీని ఒక గంట అటో ఇటో జరపండి, మానక్కర్లేదు. టీ, కాఫీల్లోని పాలీఫినాల్స్ ఇనుమును పట్టేసుకుంటాయి. అందులో పాలు పోస్తే క్యాల్షియం కూడా వచ్చి చేరుతుంది. ఐరన్‌ని నీళ్లతోనో నిమ్మరసంతోనో మింగండి. విటమిన్ సి ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది.

పదకొండుపైన
"తిండితో సరిపెట్టుకోవచ్చా" అన్న ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. లెక్క చూడండి. గర్భం మొత్తానికి కావలసిన ఇనుము సుమారు 1000 మి.గ్రా. బిడ్డకీ మాయకీ 300 దాకా, తల్లి ఒంట్లో పెరిగే ఎర్ర కణాలకి 500 దాకా, మిగతాది రోజువారీగా పోయేది. అవసరంలో ఎక్కువ భాగం రెండో సగంలోనే మీద పడుతుంది. శాకాహారంలోని ఇనుములో ఒంటబట్టేది కొద్దిగానే. మొదటినుంచీ నిల్వలు బాగా ఉన్నవాళ్లు గట్టెక్కుతారేమో. తక్కువగా ఉన్నవాళ్లకి తిండి ఒక్కటే చాలదు.

ఇంకోటి, పెట్టె మీది అంకె చూసి మోసపోకండి. ఫెర్రస్ సల్ఫేట్ 300 మి.గ్రా. అంటే అందులో అసలు ఇనుము 60 మాత్రమే. ఫెర్రస్ ఫ్యూమరేట్ అయితే 180 మి.గ్రా.లోనే 60 ఉంటుంది. గ్లూకోనేట్‌లో 60 రావాలంటే 500 కావాలి. పోల్చాల్సింది "ఎలిమెంటల్ ఐరన్" అని రాసిన అంకెని. ప్రపంచ ఆరోగ్య సంస్థ మామూలు గర్భిణికి చెప్పేది రోజుకి 30 నుంచి 60. రక్తహీనత ఉంటే 120.

రక్తహీనత అంటే హీమోగ్లోబిన్ 11 కంటే తక్కువ. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య 10.5 కంటే తక్కువ. ఆ మధ్య నెలల్లో రక్తంలో నీటి భాగం కణాల కంటే వేగంగా పెరుగుతుంది, అందుకే హద్దు కాస్త దిగుతుంది.

పట్టికపిచ్చి
నల్లటి మలం?

పదకొండుపైన
ఒంటబట్టని ఇనుము రంగది, కంగారు వద్దు. తారులా జిగటగా, విపరీతమైన కంపుతో వస్తేనో, ఎర్ర రక్తం కనిపిస్తేనో అది ఐరన్ పని కాదు, వెంటనే చూపించాలి.

రోజువిడిచిరోజు
ఐరన్ రోజూ వేసుకోవడమే పాత పద్ధతి. ఒక మోతాదు పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ వదులుతుంది, అది 24 గంటల దాకా తర్వాతి మోతాదుకి తలుపు మూసేస్తుంది. రోజు విడిచి రోజు వేసుకుంటే మింగినదాంట్లో ఎక్కువ శాతం లోపలికి వెళ్తుంది, కడుపు గొడవా తగ్గుతుంది.

పదకొండుపైన
హెప్సిడిన్ సంగతి నిజమే. కానీ ఆ అధ్యయనాల్లో పేరున్నవి గర్భం లేని, ఇనుము తగ్గిన ఆడవాళ్ల మీద చేసినవి. శాతం ఎక్కువైనా మింగేది సగమే కదా. హీమోగ్లోబిన్ 9 ఉండి, ప్రసవం ఎనిమిది వారాల్లో ఉన్నవాళ్లు సొంతంగా రోజు విడిచి రోజుకి మారితే లెక్క తప్పుతుంది.

రోజువిడిచిరోజు
రోజూ వేసుకోమంటే పూర్తిగా మానేసేవాళ్లే ఎక్కువ. సున్నా కంటే సగం మేలు కాదా?

పదకొండుపైన
అక్కడ ఒప్పుకుంటా. రోజూ పడనివాళ్లకి, రక్తహీనత అంతగా లేని సమాజాల్లో, వారానికి ఒకసారి 120 మి.గ్రా. ఇనుము, 2800 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ అనే మార్గాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది. నా గొడవల్లా డాక్టరుకి చెప్పకుండా మార్చుకోవద్దని. "పడటం లేదు" అని చెబితే మోతాదు తగ్గిస్తారు, ఐరన్ రకం మారుస్తారు, తిన్నాక వేసుకోమంటారు. తిన్నాక వేసుకుంటే ఒంటబట్టేది కొంత తగ్గుతుంది, కానీ వాంతిలో పోయే మాత్ర కంటే నయం.

రెండు మూడు వారాలు సరిగ్గా వేసుకున్నా హీమోగ్లోబిన్ కదలకపోతే మోతాదు పెంచే ముందు కారణం వెతకాలి. మాత్ర టీతో పడుతోందా? బి12 తక్కువా? తలసీమియా (వంశపారంపర్యంగా వచ్చే రక్తలోపం) జన్యువు ఏమైనా ఉందా? ఇనుము నిల్వని చూపే ఫెరిటిన్ 30 కంటే తక్కువుంటే ఇనుము లోటు ఖాయం. కణాలు చిన్నగా ఉండి ఫెరిటిన్ మామూలుగా ఉంటే మాత్రం తలసీమియా పరీక్ష తల్లికీ, తేలితే తండ్రికీ చేయిస్తారు. మూడు నెలలు దాటాక మాత్రలు పనిచేయనివాళ్లకి నరం ద్వారా ఐరన్ ఎక్కించే దారి ఎలాగూ ఉంది.

లేబుల్‌భూతద్దం
క్యాల్షియంలోనూ అదే తిరకాసు. కార్బొనేట్ 1250 మి.గ్రా. అంటే క్యాల్షియం 500. కార్బొనేట్ కరగడానికి జీర్ణరసం కావాలి, కాబట్టి తిండితోనే వేసుకోవాలి. సిట్రేట్ ఎప్పుడైనా పర్లేదు. ఒక్కసారికి 500 మించితే ఒంటబట్టే వంతు తగ్గుతుంది. రెండు పూటలుగా ఎందుకు విడదీశారో ఇప్పుడు అర్థమైందా?

పట్టికపిచ్చి
అర్థమైంది. ఫోలిక్ యాసిడ్ 12 వారాలకే ఆపేయాలంటారు కదా, 14లో ఇంకా ఎందుకు రాశారు?

మొదటి28
ఆపేయాలని కాదు, దాని అసలు పని అప్పటికే అయిపోతుందని. బిడ్డ వెన్నుపాము, మెదడుగా మారే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుపోతుంది. చాలామందికి నెల తప్పిన సంగతి గట్టిగా తెలిసే సమయమది. అందుకే కనీసం నెల ముందునుంచే రోజుకి 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టమంటారు. ఆ తర్వాతది ఎర్ర కణాల తయారీ కోసం, ఐరన్‌తో కలిపి చివరిదాకా ఇస్తారు. వేసుకుంటే నష్టం లేదు.

కొందరికి 400 చాలదు. ఇంతకుముందు బిడ్డకి వెన్నెముక లోపం వచ్చినవాళ్లు, మూర్ఛ మందులు వాడేవాళ్లు, ముందునుంచీ షుగర్ ఉన్నవాళ్లకి 4 నుంచి 5 మిల్లీగ్రాములు, అంటే పది రెట్లకి పైనే రాస్తారు. ముందు బిడ్డకి లోపమున్న తల్లులకి 4 మి.గ్రా. ఇస్తే మళ్లీ రావడం 72 శాతం తగ్గిందని 1991లో బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనం తేల్చింది. మైక్రో, మిల్లీ తేడా చూసుకోకుండా కొనేవాళ్లకి ఇక్కడే దెబ్బ పడేది.

అరకప్పు
400 మైక్రోగ్రాముల మాత్రలు పది మింగితే 4 మిల్లీ అవుతుందిగా?

మొదటి28
ఉత్త ఫోలిక్ యాసిడ్ మాత్రైతే అవుతుంది. మల్టీవిటమిన్ పది మింగితే మాత్రం కొంప మునుగుతుంది, విటమిన్ ఎ కూడా పది రెట్లవుతుంది.

లేబుల్‌భూతద్దం
ఆ ముక్క ఎవరైనా ఎత్తుతారా అని చూస్తున్నా. రెటినాల్ రూపంలో ఉన్న విటమిన్ ఎ రోజుకి 3000 మైక్రోగ్రాములు, అంటే 10,000 ఐయూ దాటకూడదు. మొదటి నెలల్లో అతిగా పడితే బిడ్డ గుండె, ముఖం, మెదడు ఏర్పడటంలో లోపాలొస్తాయి. మల్టీవిటమిన్ ఒకటి, పైన చేప కాలేయ నూనె ఒకటి, వారానికి రెండుసార్లు మేక కాలేయం... మూడూ కలిస్తే హద్దు ఇట్టే దాటిపోతుంది. కూరగాయల్లోని బీటా కెరోటిన్‌తో ఈ బెడద లేదు, క్యారెట్లు నిశ్చింతగా తినండి.

మొటిమల మాత్ర ఐసోట్రెటినోయిన్ దీని దగ్గరి చుట్టమే, ఇంకా ప్రమాదకారి. గర్భానికి కనీసం నెల ముందే ఆపి ఉండాలి. రెటినాయిడ్ క్రీములు కూడా పక్కన పెట్టండి.

నడుంనొప్పి
నడుం పట్టేస్తే ఇబుప్రొఫెన్ వేసుకోవచ్చా? అన్ని షాపుల్లోనూ చీటీ లేకుండానే ఇస్తారు.

రాత్రిడ్యూటీ
చీటీ లేకుండా ఇచ్చినంత మాత్రాన గర్భిణికి పనికొస్తుందని కాదు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ ఒకే కుటుంబం. 20 వారాల తర్వాత వాడితే బిడ్డ కిడ్నీల పని తగ్గి మూత్రం తగ్గుతుంది. ఉమ్మనీరు చాలా మటుకు బిడ్డ మూత్రమే కాబట్టి అదీ తగ్గుతుంది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఈ హెచ్చరికే ఇచ్చింది. 30 వారాలు దాటితే ఇంకో ముప్పు: పుట్టాక మూసుకోవాల్సిన గుండె దగ్గరి రక్తనాళం కడుపులోనే మూసుకోవచ్చు. 20కి ముందైనా డాక్టరు చెబితేనే.

నొప్పికి, జ్వరానికి పారాసెటమాల్. 500 నుంచి 1000 మి.గ్రా., కనీసం 4 నుంచి 6 గంటల ఎడంతో, 24 గంటల్లో 4 గ్రాములు దాటకుండా, ఎంత తక్కువ రోజులైతే అంత మంచిది. జలుబు మాత్రల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది, రెండూ కలిపి లెక్కెయ్యండి.

ఓర్పుగలమ్మ
ఏ మాత్రా వద్దు, జ్వరమైతే దుప్పటి కప్పుకుని ఓర్చుకోవడమే బిడ్డకి మంచిదని నా అభిప్రాయం.

మొదటి28
ఒప్పుకోను. జ్వరం కూడా ఒక మందులాగే బిడ్డ మీద పనిచేస్తుంది. మొదటి వారాల్లో ఒంటి వేడి 39 డిగ్రీల సెల్సియస్ దాటి అలాగే ఉంటే వెన్నునాళ లోపాల ముప్పు పెరుగుతుంది. వేడినీళ్ల తొట్టెలు, ఆవిరి గదులు వద్దనేదీ అందుకే. దుప్పటి తీసేయండి, నీళ్లు తాగండి, పారాసెటమాల్ వేసుకోండి. ఆ తర్వాత కారణం వెతకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షనా, మలేరియానా, ఫ్లూనా? 38 దాటిన జ్వరాన్ని గర్భిణి విషయంలో రేపు చూద్దాంలే అనకూడదు.

రాత్రిడ్యూటీ
మూత్రం అన్నారు కాబట్టి: మంట, జ్వరం ఏమీ లేకుండానే మూత్రంలో బాక్టీరియా ఉండొచ్చు. గర్భంలో దాన్ని వదిలేస్తే కిడ్నీ దాకా పాకే అవకాశం మామూలు కంటే చాలా ఎక్కువ. తొలి నెలల్లో యూరిన్ కల్చర్ ఒకసారి చేయించడం అందుకే. ఉత్త డిప్‌స్టిక్ పట్టీ పరీక్ష బాగుందన్నంత మాత్రాన సరిపోదు.

నడుంనొప్పి
పెయిన్‌కిల్లర్ వద్దంటారు, మళ్లీ కొందరికి ఆస్పిరిన్ వాళ్లే రాస్తారు. అదీ ఆ కుటుంబమే కదా?

బీపీపట్టీ
కుటుంబం ఒకటే, మోతాదు వేరు. నొప్పికి వాడేది 300, 600. ఇక్కడ రాసేది 75 నుంచి 150, మాయలో రక్తప్రసరణ బాగుండటానికి. ఎఫ్‌డీఏ హెచ్చరిక కూడా ఈ చిన్న మోతాదుని మినహాయించింది.

ఇది అందరికీ కాదు. గత కాన్పులో ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు, వచ్చినవాళ్లు, ముందునుంచే బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు, లూపస్ ఉన్నవాళ్లు, కవలలు మోస్తున్నవాళ్లు, ఇలా ముప్పు ఎక్కువున్నవారికి. 12 వారాల నుంచి మొదలుపెట్టొచ్చు, 16 లోపు మొదలైతేనే ఫలితం బాగుంటుంది. 2017లో వచ్చిన ఆస్ప్రే అనే అధ్యయనంలో ముప్పున్నవాళ్లకి రాత్రిపూట 150 మి.గ్రా. ఇస్తే, 37 వారాలలోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గింది. పట్టికపిచ్చి గారూ, మీది 14వ వారం. ఈ జాబితాలో ఏదైనా వర్తిస్తే అడగాల్సింది ఈ వారమే. వచ్చే నెల చెకప్‌కి గడువు దాటిపోతుంది.

పట్టికపిచ్చి
థైరాయిడ్ తప్ప ఏమీ లేదు. బీపీ ఇంట్లో చూసుకోమన్నారు, ఒక్కోసారి 118, పది నిమిషాలకే 136 చూపిస్తోంది. మిషన్ పాడైందా?

బీపీపట్టీ
మిషన్‌ని తిట్టే ముందు కూర్చునే తీరు చూడండి. అరగంట ముందునుంచి కాఫీ వద్దు, మూత్రానికి వెళ్లొచ్చి కూర్చోండి. వీపు కుర్చీకి ఆనాలి, పాదాలు రెండూ నేలమీద, కాలు మీద కాలు వద్దు. 5 నిమిషాలు ఊరికే కూర్చున్నాక పట్టీ కట్టండి. చొక్కా చేతి మీద కాదు, చర్మం మీద, మోచేతి మడతకి రెండు వేళ్ల పైన. చెయ్యి బల్ల మీద పెట్టి, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చూడండి. చెయ్యి వేలాడితే అంకె పెరుగుతుంది. కొలుస్తున్నంతసేపు మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి తీసి, రెండూ రాసుకోండి.

అన్నిటికంటే ఎక్కువమంది చూడనిది పట్టీ సైజు. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. పట్టీ మీద సెంటీమీటర్లు రాసుంటాయి, జబ్బ మధ్యలో చుట్టుకొలత కొలిచి సరిపోల్చండి. గర్భిణుల మీద పరీక్షించి సరైనదని తేల్చిన మోడలైతే ఇంకా మంచిది, అన్ని మిషన్లూ ప్రీఎక్లాంప్సియాలో సరిగ్గా చూపించవు.

140/90 వస్తే ఆ రోజే ఫోన్ చేయాలి. 160/110 వస్తే 15 నిమిషాల్లో మళ్లీ చూసి, అలాగే ఉంటే నేరుగా ఆసుపత్రికి. అంకె ఎంతున్నా సరే, తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి, ఉన్నట్టుండి ముఖం చేతులు ఉబ్బడం, వీటిలో ఏది కనిపించినా అదే దారి. సాయంత్రానికి పాదాలు కాస్త వాయడం చాలామందికి మామూలే.

అరకప్పు
పక్కన టీవీ సీరియల్‌లో కోడలు ఏడుస్తుంటే తీసిన బీపీ లెక్కలోకి వస్తుందా?

బీపీపట్టీ
రాదు. అత్త ఏడుస్తుంటే తీసినదీ రాదు.

నడుంనొప్పి
ఇంతకీ బీపీ మందులు ముందునుంచే వాడేవాళ్ల మాటేంటి?

రాత్రిడ్యూటీ
పేరు చివర "ప్రిల్" ఉన్నవి, "సార్టాన్" ఉన్నవి గర్భంలో పనికిరావు, బిడ్డ కిడ్నీలు దెబ్బతింటాయి. లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపాలకి మారుస్తారు. మూర్ఛ మందు వాల్‌ప్రోయేట్ ఇంకా తీవ్రం. దానితో పదిమందిలో ఒక బిడ్డకి పుట్టు లోపం, 30 నుంచి 40 శాతం మందికి ఎదుగుదల, నేర్చుకోవడంలో ఇబ్బందులు. అలాగని ఇవాళ తెలిసి ఇవాళే ఆపేస్తే ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డ ఇద్దరికీ ముప్పు. మార్చాలి, అదీ డాక్టరు చేతిమీదుగా, వీలైతే గర్భానికి ముందే.

ఓర్పుగలమ్మ
టీకాలు కూడా వేస్తున్నారిప్పుడు. కడుపుతో ఉన్నప్పుడు టీకా ఏంటి అసలు? బిడ్డకి ఏమీ కాదా?

గడువుతేదీ
రెండు రకాలున్నాయి, కలిపేయకండి. బతికున్న వైరస్‌ని బలహీనపరిచి చేసేవి, అంటే తట్టు-గవదలు-రుబెల్లా టీకా, చికెన్‌పాక్స్ టీకా, గర్భంలో వేయరు. ముందే వేసుకుని నెల ఆగి గర్భం దాల్చాలి. ఫ్లూ ఇంజెక్షన్, ధనుర్వాతం, కోరింతదగ్గు టీకాల్లో బతికున్న సూక్ష్మజీవి ఉండదు. కోరింతదగ్గుది 27 నుంచి 36 వారాల మధ్య వేయమంటారు. అది ప్రధానంగా తల్లి కోసం కాదు. అప్పుడు వేస్తే తల్లి తయారుచేసిన యాంటీబాడీలు మాయ గుండా బిడ్డకి చేరతాయి. బిడ్డ సొంత టీకా మొదలయ్యే దాకా ఆ తొలి వారాలు కాపాడేది అవే.

రుబెల్లాని తేలిగ్గా తీసుకోవద్దు. తొలి వారాల్లో తల్లికి సోకితే బిడ్డ కళ్లు, చెవులు, గుండె దెబ్బతినే అవకాశం 90 శాతం దాకా ఉంటుంది. తల్లికి వచ్చేది మాత్రం నాలుగు దద్దుర్లు, కాస్త జ్వరం. 1941లో ఆస్ట్రేలియా కంటివైద్యుడు నార్మన్ గ్రెగ్ శుక్లాలతో పుట్టిన పిల్లల తల్లుల్ని ఆరా తీస్తేనే ఈ సంబంధం బయటపడింది.

ఓర్పుగలమ్మ
సరే, ఆ 27-36 లెక్క తెలియదు నాకు. ఫ్లూ గురించి మాత్రం ఆలోచిస్తా.

గడువుతేదీ
ఆలోచించండి. ఫ్లూది ఏ నెలలోనైనా వేయొచ్చు, గడువు తొందర లేదు. నెగటివ్ రక్తగ్రూపు వాళ్లకి మాత్రం తొందరుంది. తండ్రి పాజిటివ్ అయితే 28 వారాలప్పుడు యాంటీ-డి ఇంజెక్షన్, బిడ్డ పాజిటివ్‌గా పుడితే 72 గంటల్లో మళ్లీ. మధ్యలో రక్తస్రావమైనా, పొట్టకి దెబ్బ తగిలినా ఆ 72 గంటల గడియారం మొదలైనట్టే. షుగర్ పరీక్ష 24-28 వారాల మధ్య, 75 గ్రాముల గ్లూకోజ్‌తో. పరగడుపున 92, గంటకి 180, రెండు గంటలకి 153. వీటిలో ఒక్కటి అందుకున్నా, దాటినా షుగరే అంటారు.

పిల్లిమీసం
ఇంట్లో పిల్లి ఉంది. వదిలేయమంటున్నారు అందరూ.

మొదటి28
పిల్లిని కాదు, దాని మలాన్ని వదిలేయండి. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్లు మలంలో బయటపడ్డాక సోకే స్థితికి రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. ఎవరైనా రోజూ తట్ట శుభ్రం చేస్తే ముప్పు చాలా తగ్గుతుంది. ఆ పని గర్భిణి చేయకూడదు, తప్పకపోతే గ్లౌజులు వేసుకుని, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లికి పచ్చి మాంసం పెట్టొద్దు, బయటికి వదలొద్దు. నిజానికి పిల్లి కంటే సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూర, తోటమట్టి ఎక్కువ అనుమానించాల్సినవి.

ఇంట్లో మొదటి బిడ్డ ఇంకా చిన్నదైతే పిల్లి కంటే ఆ బిడ్డ ఎంగిలే ఎక్కువ గమనించండి. సీఎంవీ అనే వైరస్ చిన్నపిల్లల లాలాజలం, మూత్రంలో ఉంటుంది. వాళ్లు కొరికినది తినడం, స్పూన్ పంచుకోవడం మానండి. డైపర్ మార్చాక 20 సెకన్లు చేతులు కడగండి. ముద్దు నుదుటి మీద పెట్టండి, పెదాల మీద కాదు.

అరకప్పు
కాఫీ గురించి ఎవరూ ఎత్తట్లేదు. నేనే ఎత్తుతున్నా, ధైర్యం చేసి.

లేబుల్‌భూతద్దం
రోజుకి కెఫీన్ 200 మి.గ్రా. లోపు. ఇన్‌స్టంట్ కాఫీ ఒక మగ్గు 100 అనుకోండి, ఫిల్టర్ కాఫీ మగ్గు 140, టీ 75. ఫిల్టర్ కాఫీ ఒకటి తాగాక టీ కూడా తాగితే 215, దాటేసినట్టే. కోలా, చాక్లెట్ కూడా లెక్కలోకే వస్తాయి. "అరకప్పు" అని పేరు పెట్టుకున్నారు కాబట్టి మీకు మార్కులు వేస్తున్నా.

పట్టికపిచ్చి
కొత్త పట్టిక రాసి ఫ్రిజ్ మీద అంటించా: 6కి థైరాయిడ్, 1కి భోజనంతో క్యాల్షియం, 5కి నిమ్మరసంతో ఐరన్, 6:30కి టీ, 9కి భోజనంతో క్యాల్షియం, ఫోలిక్ యాసిడ్. గుండెల్లో మంటకి యాంటాసిడ్ మధ్యలో ఎప్పుడైనా.

చీటీచదువరి
అన్నీ బాగున్నాయి, చివరిది తప్ప. యాంటాసిడ్ "ఎప్పుడైనా" కాదు. అందులోనూ క్యాల్షియం, అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. థైరాయిడ్ మాత్రకి 4 గంటలు, ఐరన్‌కి 2 గంటలు దూరం పెట్టండి. పట్టిక ప్రకారం చూస్తే మధ్యాహ్నం భోజనం తర్వాత గానీ, రాత్రి పడుకోబోయే ముందు గానీ. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష సగం నెలలు వచ్చే దాకా నాలుగు వారాలకోసారి చూడాలి, గర్భంలో థైరాయిడ్ అవసరం పెరుగుతుంది కాబట్టి మోతాదు పెంచాల్సి రావచ్చు. ఐరన్ డబ్బా ఫ్రిజ్ మీద కాదు, తాళం వేసే అల్మారాలో పెట్టండి. చూడ్డానికి చాక్లెట్ గోళీల్లా ఉంటాయి, పసిపిల్లలు కొన్ని మింగినా ప్రాణం మీదికొస్తుంది.

తొమ్మిదోనెల
వేరే ప్రశ్న, ఇక్కడే అడుగుతా. 36వ వారం. చివర్లో చోటు చాలక బిడ్డ కదలికలు తగ్గడం సహజమేనట కదా?

రాత్రిడ్యూటీ
కాదు. ఈ మాట ఎవరన్నారో గానీ పదే పదే వినిపిస్తుంది, ప్రమాదకరం. చివర్లో కదిలే తీరు మారొచ్చు, తన్నడం తగ్గి దొర్లడం, సాగడం ఎక్కువ కావచ్చు. ఎన్నిసార్లు అన్నది తగ్గకూడదు.

రోజువిడిచిరోజు
రెండు గంటల్లో పది కదలికలు వస్తే చాలు, లెక్క రాసుకుంటే సరి.

రాత్రిడ్యూటీ
అది ఒక పద్ధతే, కానీ దానికే కట్టుబడితే బోల్తా పడతాం. కొందరు బిడ్డలు అరగంటలో పది దాటిస్తారు. అలాంటి బిడ్డకి ఇవాళ పదికి రెండు గంటలు పడితే "లెక్క సరిపోయింది" అనుకోవాలా? మీ బిడ్డ రోజూ ఏ పూట ఎలా కదులుతుందో అదే కొలమానం. అనుమానమొస్తే ఎడమ పక్కకి తిరిగి పడుకుని, టీవీ, ఫోన్ పక్కన పెట్టి గమనించండి. బిడ్డ ఒక నిద్ర సాధారణంగా 20 నుంచి 40 నిమిషాలు, 90 దాటడం అరుదు. ఎప్పటిలా లేదనిపిస్తే ఆసుపత్రికి ఫోన్ చేయండి, రాత్రైనా సరే. తీపి తిని చూద్దాం, చల్లటి నీళ్లు తాగి చూద్దాం అని గంటలు గడపొద్దు.

తొమ్మిదోనెల
ఇంట్లో డాప్లర్ ఉంది. గుండె చప్పుడు వినిపిస్తే ఆగొచ్చా?

రాత్రిడ్యూటీ
ఆగొద్దు. అందులో వినిపించేది మీ రక్తనాళం చప్పుడో, మాయ చప్పుడో కావచ్చు. బిడ్డదే అయినా, ఆ క్షణానికి కొట్టుకుంటోందని మాత్రమే తెలుస్తుంది, బాగుందని కాదు. ఆసుపత్రిలో పెట్టే సీటీజీ కనీసం 20 నిమిషాలు నడుస్తుంది, గుండె వేగం పైకీ కిందికీ ఎలా మారుతోందో చూస్తారు.

బీపీపట్టీ
28 వారాలు దాటినవాళ్లు నిద్రకి పక్కకి తిరిగే పడుకోండి, ఎడమైనా కుడైనా. వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు పెద్ద సిరని నొక్కి బిడ్డకి రక్తం తగ్గిస్తుంది. మధ్యరాత్రి మెలకువొచ్చి వెల్లకిలా ఉన్నానని బెంబేలు పడక్కర్లేదు, తిరిగి పడుకుంటే చాలు. అరచేతులు, అరికాళ్లు రాత్రిళ్లు విపరీతంగా దురదపెడితే, దద్దుర్లు లేకపోయినా సరే, కాలేయం పని చూసే బైల్ యాసిడ్ రక్తపరీక్ష అడగండి.

తొమ్మిదోనెల
పక్కకి తిరిగి గంటసేపు చూశాను. మామూలుగా ఈ పాటికి గంతులేస్తుంది, ఇవాళ రెండుసార్లే.

రాత్రిడ్యూటీ
ఇక్కడ టైప్ చేయడం ఆపి ఫోన్ చేయండి. ఫైల్ పట్టుకుని బయల్దేరండి.

తొమ్మిదోనెల
చేశా. రమ్మన్నారు, వెళ్తున్నా.